చైన్‌మన్ ఫూల్‌సింగ్ కాలేజీ మెట్ల మీద రాయించిన పంచనామా

సర్వే శాఖలో చైన్‌మన్ అంటే పొలం కొలిచే గొలుసుకు ఒక కొస పట్టుకునే మనిషి. రెండో కొస సర్వేయర్ పట్టుకుంటాడనుకునేరు, పట్టుకోడు. దానికి ఆ రైతో, రైతు తమ్ముడో ఎవరో ఒకరు దొరుకుతారు. సర్వేయర్ గారు గట్టు మీద నిలబడి లెక్క రాసుకుంటారు. మాడుగులపల్లి పక్క తండాకు చెందిన ఫూల్‌సింగ్ ముప్పై ఏళ్లు ఆ మొదటి కొస పట్టుకున్నాడు. మిర్యాలగూడ చుట్టుపక్కల వరిపొలాల్లో అతని కాలు పడని గట్టు లేదు. మోకాలి లోతు బురదలో నడిచాడు, నెత్తి మాడే ఎండలో నడిచాడు. గొలుసు పోయి టేపు వచ్చింది, టేపు పోయి మిషన్ వచ్చింది. ఆ మిషన్‌ను పొలం దాకా భుజాన మోసిందీ ఫూల్‌సింగే. అతని పేరు మాత్రం ఏ పటం మీదా రాదు. వచ్చేదల్లా పంచనామా కింద, సంతకాల్లో ఆఖరి వరసలో.

ఆ పంచనామా ఏమిటో ముందే చెప్పుకోవాలి. పొలం కొలిచాక హద్దురాళ్లు ఎక్కడ పాతారు, ఎవరెవరు ఎదుట ఉన్నారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు మొరాయించారు, ఇదంతా అక్కడికక్కడే కాగితం మీద పెట్టి, చుట్టుపక్కల రైతుల చేత సంతకాలు చేయిస్తారు. అలా సంతకం చేసినవాళ్లు పంచులు. సర్వేయర్ రాయడం అయిపోగానే కాగితాన్ని మడిచి, సంతకం చేసే చోటు మాత్రం పైకి కనిపించేలా పట్టుకుని, ఫూల్‌సింగూ అని కేక వేస్తాడు. ఫూల్‌సింగ్ బురద చేతులు తువ్వాలుకు తుడుచుకుని వచ్చి సంతకం చేస్తాడు. అయిదో తరగతి చదివాడు, కూడబలుక్కుంటే చదవగలడు. కానీ చదువుకోమని ఎవరూ అనలేదు, చదువుతానని ఇతనూ అనలేదు. ఎండలో అందరూ నిలబడి ఉంటే చైన్‌మన్ తీరిగ్గా చదువుతానంటే బాగుంటుందా? అలా అలా, ఎవరు పెన్ను చాపినా చెయ్యి దానంతటదే ముందుకు పోవడం అతనికి అలవాటైపోయింది.

ఆ అలవాటే కూతురి కొంప ముంచబోయింది.

కూతురు రజిత. వేసవి సెలవుల్లో తండ్రికి నడుము పట్టేస్తే, తోడుగా వచ్చి టేపు రెండో కొస పట్టేది. పట్టి ఊరుకుంటేనా, టిప్పన్ చూడడం కూడా నేర్చుకుంది. టిప్పన్ అంటే ఒక్కో సర్వే నంబరు కొలతలన్నీ గీసి ఉండే పాత కాగితం. పదో తరగతిలో ఉండగా సర్వేయర్ తప్పు లెక్కేసిన ఒక మూలను ఈ పిల్లే పట్టుకుంది. ఆయన నవ్వి, నీ బిడ్డ హుషారుందయ్యా అని మెచ్చుకుని, లెక్క దిద్దుకుని, కింద తన పేరు రాసుకున్నాడు. పిల్ల ఆ సంగతి మర్చిపోలేదు.

ఇంటర్ పాసయ్యాక డిగ్రీలో జాగ్రఫీ తీసుకుంటానంది. అందులో పటాలు గీయడం నేర్పుతారట, అదే కావాలంది. తండా తండా నవ్వింది. మేనమామ దీప్లా అయితే, మ్యాపులు చదివి ఏం చేస్తది, ఆటోవాళ్లకు దారి చూపిస్తదా అని నలుగురిలో ఎగతాళి చేశాడు. అందరూ నవ్వుతుంటే రజిత లేచి నిలబడింది.

"మా నాయిన ముప్పై ఏండ్లు గొలుసు పట్టిండు. గీత గీసేటోళ్లు ఎప్పుడూ వేరేటోళ్లే. గా గీత నేను గీస్త మామా."

తల్లి సావిత్రి ఒక షరతు పెట్టింది. ఏమైనా చదువుకో, కానీ పొద్దున పోయి సాయంత్రం ఇల్లు చేరే ఊళ్లోనే చదువుకో అంది. అంటే మిర్యాలగూడ, కాదంటే సూర్యాపేట. కోదాడ దూరమే గానీ, దాని దగ్గర్లోనే హుజూర్‌నగర్‌లో పెద్దమ్మ ఇల్లుంది కాబట్టి అదీ లెక్కలోకి వచ్చింది.

ఇంకా వీళ్లు ఆలోచనలోనే ఉన్నారు. మెమో, టీసీ చేతికొచ్చిన మూడో రోజే నగేష్ అనేవాడు బైకు మీద తండాలో దిగాడు. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి పిల్లల్ని పోగేసే మనిషి. పాసైన పిల్లల పేర్లు, మార్కులు, తండ్రుల ఫోన్ నంబర్లు అన్నీ అతని చేతిలో ఉన్నాయి. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో అడిగే నాథుడు లేడు. రజిత, సావిత్రి ఆ రోజు హాలియాలో చుట్టాల పెళ్లికి పోయారు. ఇంట్లో ఫూల్‌సింగ్ ఒక్కడే ఉన్నాడు. నగేష్ అన్నా అన్నా అంటూ మంచం మీద కూర్చుని, మా కాలేజీలో జాగ్రఫీ ఉన్నది, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక్కసారి చూసుకుని ఇచ్చేస్తం అన్నాడు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల సర్టిఫికెట్, అన్నీ పెట్టెలోంచి తీసి ఇచ్చాడు ఫూల్‌సింగ్. నగేష్ ఒక కాగితం మడిచి, సంతకం చోటు పైకి పెట్టి, పెన్ను చాపాడు. ముప్పై ఏళ్ల చెయ్యి ఏం చేస్తుంది? చేసేసింది.

సాయంత్రం రజిత వచ్చి ఖాళీ పెట్టె చూసి, జరిగింది తండ్రి నోటే వింది. ఇంట్లో వాళ్లు లంబాడీలోనే మాట్లాడుకుంటారు. ఆ భాషలో తండ్రిని ఒకే ఒక్క మాట అడిగింది, చదివే సంతకం పెట్టావా అని. ఆ రాత్రి పిల్ల అన్నం ముట్టలేదు. తిట్టినా బాగుండేది అనుకున్నాడు ఫూల్‌సింగ్. తనను ఎన్ని మాటలన్న సర్వేయర్లు లేరు, ఏ ఒక్కరి మాటా ఇంతగా గుచ్చుకోలేదు.

పొద్దున్నే ఒక నిర్ణయానికి వచ్చాడు. కాగితం చూసి పొలం హద్దు చెప్పకూడదు, గట్టు మీద నడిచి చెప్పాలి. అతనికి తెలిసిన విద్య అదొక్కటే. కాలేజీలనూ అలాగే నడిచి చూద్దామన్నాడు. పాత టిప్పన్ నకలు ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాడు. జాగ్రఫీ చెప్పే సారు ఎవరైనా సరే, ఈ కాగితం చదివి చూపాలి. చదివితే సారు, లేకపోతే లేదు.

మొదట మిర్యాలగూడ కాలేజీకే పోయారు. బట్టల దుకాణం మీద రెండో అంతస్తు, అద్దాల తలుపులు, బల్లల మీద కొత్త కంప్యూటర్లు. జాగ్రఫీ సారు ఏరీ అని ఫూల్‌సింగ్ అడిగితే అక్కడి వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నగేష్ ఏమాత్రం సిగ్గుపడకుండా, జాగ్రఫీ అంటే ఇప్పుడు లేదన్నా, బీకాం కంప్యూటర్స్ ఉన్నది, మ్యాపులన్నీ ఫోన్లోనే వస్తున్నయి కదా అన్నాడు. తండాలో మంచం మీద కూర్చుని ఉన్నదని చెప్పిన నోరే అది. మరి సర్టిఫికెట్లు ఇవ్వమంటే, కంప్యూటర్లో ఎక్కుతున్నాయి, వారం ఆగి రమ్మన్నాడు. రజిత పళ్లు బిగబట్టుకుని బయటికి వచ్చేసింది.

తర్వాత కోదాడ. అక్కడ ఇంకో ప్రైవేటు కాలేజీ బోర్డు మీద జాగ్రఫీ అని ఎర్ర రంగుతో రాసి ఉంది. ఫూల్‌సింగ్ ప్రాణం లేచి వచ్చింది. ఆఫీసులో కూర్చున్న మేడం ఎంతో మర్యాదగా, "ఉందండి, పిల్లలు చేరితే సారుని పెట్టుకుంటామండి" అంది. అంటే ఇప్పుడు సారు లేడా అని అడిగితే, మీ అమ్మాయి చేరితే ఒకళ్లయినట్టే కదండీ అని నవ్వింది. పటాల గది చూపించమన్నాడు ఫూల్‌సింగ్. ఆవిడ ఒక తరగతి గది తలుపు మూసి, తలుపు వెనక వేలాడుతున్న ప్రపంచ పటం చూపించింది. తలుపు తెరిచి ఉన్నంతసేపు ఆ ప్రపంచం ఎవరికీ కనిపించదన్నమాట. సారు లేని చదువును బోర్డు మీద ఎట్లా రాశారమ్మా అని అడిగితే, రాస్తేనే కదండీ పిల్లలు వచ్చేది అని జవాబు. దుకాణంలో లేని సరుకు బోర్డు మీద పెడితే జనం ఊరుకుంటారా? చదువు దగ్గర మాత్రం అందరూ ఊరుకుంటున్నారు. ఫూల్‌సింగ్‌కు ఒళ్లు మండిపోయింది. జేబులోంచి టిప్పన్ బయటికి తీయనే లేదు.

ఇక మిగిలింది సూర్యాపేట సర్కారు కాలేజీ. అప్పటికి ఫూల్‌సింగ్‌కు ఆశ చచ్చిపోయింది, అదీ చూద్దాం పద అన్నట్టు పోయారు. జాగ్రఫీ చెప్పే లింగస్వామి సారు బల్ల మీద పెద్ద పటం పరిచి, చిరిగిన అంచుకు కాగితం అతికిస్తూ కనిపించాడు. ఫూల్‌సింగ్ నమస్తే పెట్టి, ఏమీ చెప్పకుండా టిప్పన్ ఆయన ముందు పెట్టాడు. సారు కళ్లజోడు సర్దుకుని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఉత్తరం ఎటుందో చూసుకుని, స్కేలు తీశాడు. పావుగంట తలెత్తలేదు. చివరికి ఒక మూల మీద వేలు పెట్టి, గిది కలుస్తలేదు కదా అన్నాడు. రజిత చప్పున వంగి, కలవదు సార్, పాత రాయి జరిగింది, కొలత మాత్రం పాతదే వేసిండ్రు అంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఫూల్‌సింగ్‌ను ఇద్దరూ మర్చిపోయారు. అతనికి అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

వచ్చేముందు ఫూల్‌సింగ్, ఇది చదివితే నౌకరీ వస్తదా సార్ అని అడిగాడు.

"వస్తదని నేను చెప్ప. అందరూ చెప్తరు, నేను చెప్ప," అన్నాడు లింగస్వామి. "మూడేండ్లు మంచిగ నేర్పుత. గంతవరకు నా మాట."

ఇన్ని కాలేజీలు తిరిగితే అబద్ధం చెప్పని మనిషి ఆయనొక్కడే కనిపించాడు. కాలేజీ కుదిరిపోయింది. రజిత మీసేవలో కూర్చుని, ఆన్‌లైన్‌లో మొదటి ఆప్షన్ తన చేత్తో తానే పెట్టుకుంది. సీటు వచ్చింది. శనివారం సాయంత్రంలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుపోయి కాలేజీలో చూపించాలి. చూపించకపోతే సీటు పోతుంది.

సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? బట్టల దుకాణం మీద, నగేష్ బీరువాలో.

సోమవారం పోతే కాలేజీ నడిపే కరస్పాండెంట్ లేడన్నారు. బుధవారం పోతే తాళం చెవి లేదన్నారు. ఫూల్‌సింగ్ రెండు రోజులు సెలవు పెట్టాడు, రెండు రోజులూ ఆ మెట్ల మీదే గడిచాయి. శుక్రవారం పొద్దున కరస్పాండెంట్ దొరికాడు. తెల్ల చొక్కా, చల్లటి గది. ఆయన ఫైలు తెరిచి, మడత విప్పిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. మా కూతురిని ఈ కాలేజీలోనే చేర్పిస్తామని, మూడేళ్లు చదివిస్తామని, మధ్యలో సర్టిఫికెట్లు అడగబోమని అందులో ఉంది. కింద ఫూల్‌సింగ్ సంతకం, గుండ్రంగా, ముద్దుగా ఉంది. రజిత పేరు పక్కన ఎవరో అప్పుడే బీకాం అని రాసేశారు. పెద్దమనిషివి, సంతకం పెట్టి మాట తప్పుతావా అని కరస్పాండెంట్ తిరిగి ఫూల్‌సింగ్‌నే నిలదీశాడు. పిల్లకు తెలియకుండా పిల్ల చదువును ఎత్తుకుపోయినవాడు మాట గురించి పాఠం చెబుతున్నాడు. చూడండి ఎంత ధైర్యమో.

బయట మెట్ల మీద ఇంకా పది మంది ఉన్నారు. అందరిదీ ఇదే గోస. హాలియా వైపు నుంచి వచ్చిన చంద్రమ్మ అనే కూలీ మనిషి వారం రోజులుగా నాట్లు మానుకుని తిరుగుతోంది. ఆమె కొడుకుకు నల్లగొండలో సీటు వచ్చింది, కాగితాలు ఈ బీరువాలో ఉన్నాయి. బిక్షం అనే ముసలాయన మనవరాలి కోసం వచ్చి, మాట పడీ పడీ ఇక మాట్లాడడం మానేశాడు.

అంతలో ఫూల్‌సింగ్ ఫోన్ మోగింది. సర్వేయర్. కరస్పాండెంట్ ఆయనకు చెప్పినట్టున్నాడు. ఆ కాలేజీ వాళ్లు మనకు కావలసినవాళ్లు, వాళ్ల కొత్త జాగా కొలత మన దగ్గరే ఉన్నది, లొల్లి చెయ్యకు, ఏ చదువైతే ఏంది ఆడపిల్లకు అన్నాడు. ఫూల్‌సింగ్ ముప్పై ఏళ్లలో ఆ గొంతుకు సరే సార్ అని తప్ప ఇంకో మాట అని ఎరగడు. రజిత పక్కనే నిలబడి వింటోంది. అతను ఫోన్ ఇంకో చెవికి మార్చుకుని అన్నాడు.

"సార్, మీరు చూపిచ్చిన కాడ ముప్పై ఏండ్లు రాయి పాతిన. ఎన్నడూ ఎందుకని అడగలే. ఇది నా బిడ్డ సదువు సార్. దీని హద్దు మీరు చూపియ్యకుండ్రి."

ఫోన్ పెట్టేశాడు. రేపటి నుంచి తన నౌకరీలో ఏమేం జరుగుతుందో అతనికి తెలియక కాదు. తర్వాత మెట్టు మీద కూర్చుని, రజితను తెల్ల కాగితం, పెన్ను తీయమన్నాడు. ఎందుకని అడిగింది. పంచనామా రాయమన్నాడు.

వేలకు వేల పంచనామాలు విన్న చెవులవి. సర్వేయర్లు పైకి చదువుకుంటూ రాసే ఆ పాత మాటలన్నీ అతనికి నోటికి వచ్చు. కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. "మిర్యాలగూడ పట్టణమందు, ఈ దినము శుక్రవారము, పగలు పదకొండు గంటల సమయమున, దిగువ సంతకములు చేసిన పంచులమైన మేము ప్రత్యక్షముగా చూసినది ఏమనగా..." తలుపుకు ఎన్ని అడుగుల్లో బీరువా ఉంది, దాని రంగేమిటి, ఏ అరలో ఎన్ని ఫైళ్లు కనిపించాయి, ఎవరి పిల్ల కాగితాలు ఏ తేదీన ఎవరు తీసుకుపోయారు, ఎన్నిసార్లు అడిగారు, ఏ రోజు ఏ సాకు చెప్పారు, ఒక్కటీ వదల్లేదు. తన సంతకం సంగతి కూడా దాచలేదు. చదవకుండా సంతకం చేసిన మాట వాస్తవం, తప్పు నాది అని రాయించాడు. ఆ వాక్యం దగ్గర రజిత పెన్ను ఒక్క క్షణం ఆగింది. రాయమ్మా అన్నాడు, రాసింది.

మెట్ల మీద వాళ్లంతా చుట్టూ మూగారు. బిక్షం నోరు విప్పి, మా మనవరాలి పేరు కూడ ఎక్కియ్యి బిడ్డా అన్నాడు. చంద్రమ్మకు సంతకం రాదు, వేలిముద్ర వేస్తానంది. ఫూల్‌సింగ్ ఆమెను ఆపాడు. ముందు రజిత అంతా పైకి చదివి వినిపించాలి, విన్నాకే ఎవరైనా వేయాలి అన్నాడు. రజిత మొదటి నుంచి చివరి దాకా చదివింది. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి విన్నారు. పది మంది సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. సోమవారం నల్లగొండ కలెక్టరాఫీసులో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, ఇది అక్కడికి పోతుందని ఫూల్‌సింగ్ అందరికీ వినపడేలా చెప్పాడు.

నగేష్ పైకి ఉరికాడు. అయిదు నిమిషాల్లో కరస్పాండెంటే మెట్లు దిగి వచ్చాడు. చేతిలో రజిత ఫైలు ఉంది. గొంతు మెత్తబడింది. నీ బిడ్డది తీసుకుపో ఫూల్‌సింగూ, రేపు సూర్యాపేటలో సీటు కావాలె కదా, ఆ కాగితం ఇటు ఇయ్యి, చింపేస్త, అయిపోతది అన్నాడు.

ఫైలు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఈ ఒక్క ఫైలు కోసమే కదా ఇన్ని రోజులు తిరిగింది. ఫూల్‌సింగ్ కూతురి వైపు చూశాడు. సీటు ఆమెది, పోతే పోయేదీ ఆమెదే, తను ఏం చెప్పగలడు? చంద్రమ్మ చప్పుడు చేయకుండా రెండు మెట్లు కిందికి దిగి నిలబడింది, పిల్ల తనను చూసి మొహమాటపడకూడదని.

రజిత ఫైలు అందుకోలేదు. మళ్లీ మెట్టు మీద కూర్చుంది. తండ్రి చెప్పకుండానే సంతకాల కింద ఇంకో వరస రాసింది, రాస్తూ పైకి చదివింది.

"పన్నెండున్నర గంటలకు కరస్పాండెంటు గారు వచ్చి, ఒక్కరి సర్టిఫికెట్లు ఇస్తాము, మిగిలిన పదిమందివి ఇవ్వము, ఈ పంచనామా చింపవలెను అని చెప్పినారు. మేము ఒప్పుకోలేదు."

కింద మొదట తన సంతకం చేసి, కాగితాన్ని మడత పెట్టకుండా తండ్రికి ఇచ్చింది. ఫూల్‌సింగ్ ఆ వరసను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు అలుక్కుపోతుంటే తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు. కరస్పాండెంట్ ఎదురుగా నిలబడే ఉన్నాడు. నిలబడనీ అనుకున్నాడు ఫూల్‌సింగ్. చదవడం పూర్తయ్యాకే సంతకం చేశాడు.

బీరువా రెండు గంటలకు తెరుచుకుంది. పదకొండు ఫైళ్లూ బల్ల మీదికి వచ్చాయి. చంద్రమ్మ కొడుకువి, బిక్షం మనవరాలివి, అందరివీ. రజితవి అందరికంటే చివర్న తీసుకున్నారు. కరస్పాండెంట్ ముఖం మాడ్చుకుని, ఒక్క జాగ్రఫీ సీటుకు ఇంత లొల్లి చేస్తరా, మాకు నాలుగు వందల సీట్లున్నయి అన్నాడు.

"మీకు నాలుగు వందలు సార్," అన్నాడు ఫూల్‌సింగ్. "నా బిడ్డకు గదొక్కటే."

మూడున్నర సూర్యాపేట బస్సు కోసం తండ్రీ కూతుళ్లు ఇద్దరూ ఉరికారు.